మొక్కజొన్న చేలో పసుపు సున్నా

పెద్దల్లుడు ట్రాక్టరు కొని తెచ్చిన రోజు వీధిలో వాళ్ళంతా బయటికొచ్చారు. చూసి సంతోషిద్దామని కాదు, గోడలు కూలుతున్నాయేమోనని. అది మలుపు తిరుగుతుంటే ఇళ్ళల్లో అల్మారాల మీది గిన్నెలు వాటంతటవే కబుర్లాడుకున్నాయి. వెనక చక్రం మనిషెత్తు. ముక్కు కింద బరువు కోసం తగిలించిన ఇనుప దిమ్మెలు వరసగా పళ్ళికిలించినట్టున్నాయి. పెద్దల్లుడు దానికి గజరాజని పేరు పెట్టాడు. కన్నకూతురికి పేరు పెట్టడానికి నెలల తరబడి తటపటాయించిన మనిషి, ట్రాక్టరుకి మాత్రం కొన్నచోటే, గుమ్మం దాటకముందే పెట్టేశాడు.

అంత బండి దేనికయ్యా అంటే, అత్తగారి పొలం దున్నడానికి. ఆ పొలం ఎంతంటే, ఈ మూల నిలబడి పిలిస్తే ఆ మూల ఉన్నవాడు "ఎందుకలా అరుస్తావు, ఇక్కడే ఉన్నాగా" అనేంత.

పెద్దల్లుడు సోమరి మాత్రం కాదు. ఆ మాట పగవాడు కూడా అనడు. అసలు ఆయన చిక్కంతా అదే. బట్టల కొట్టు పెట్టినప్పుడు పగలనకా రేయనకా కష్టపడ్డాడు. ఊళ్ళో జనం ఒట్టేసుకున్నట్టు బట్టలు కొనడం మానేశారు. కోళ్ళు పెంచితే, అవన్నీ ఒక్క వారంలోనే వైరాగ్యం పుచ్చుకుని వెళ్ళిపోయాయి. "మా ఆయన చేతికి కష్టం ఉంది, కలిసిరావడమే లేదు" అని భార్య నలుగురిలో వెనకేసుకొచ్చేది. అలా వెనకేసుకొచ్చి వెనకేసుకొచ్చి ఆమె నోరు అరిగిపోయింది. ఇప్పుడిక మిగిలింది ఆమె తల్లి పొలం ఒక్కటే.

ఆ తల్లి మోకాళ్ళు ఆ ఏడే మొరాయించాయి. అల్లుళ్ళిద్దరినీ వంటింట్లో బల్ల ముందు కూర్చోబెట్టి, టీ కప్పులు చెరొకటి జరిపి, విషయం తేల్చేసింది.

"అల్లుడుగార్లూ, నా మోకాళ్ళు రాజీనామా ఇచ్చాయి. ఇక పొలం మీరే చూసుకోవాలి. అలాగని ఒక ఒరలో రెండు కత్తులు పెట్టలేను. మధ్యలో తాడు కడతాను. తూర్పు సగం పెద్దవారు చెయ్యండి, పడమటి సగం చిన్నవారు చెయ్యండి. ఈసారి వేసే మొక్కజొన్న ఎవరి సగంలో బాగా నిలబడితే మొత్తం పొలం వాళ్ళ చేతికే."

పెద్దల్లుడు టీ తాగకుండానే లేచాడు. మొత్తం పొలం అప్పుడే చేతికొచ్చినట్టు ఆయన ఛాతీ చొక్కా బొత్తాలను తోసేస్తోంది. ఎదురుగా ఉన్న పోటీదారుణ్ణి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి. చిన్నల్లుడు కళ్ళజోళ్ళ కొట్టు నడుపుకునే మనిషి. తెల్లబూట్లు తప్ప వేసుకోడు. మట్టి అంటితే ఆ బూటును పసిపాప బుగ్గ తుడిచినట్టు తుడుస్తాడు. సాగు కోసం ఆయన దగ్గరున్నది చేత్తో తోసుకుంటూ నడిచే చిన్న టిల్లరు. దాన్ని గజరాజు పక్కన నిలబెడితే గజరాజు జేబులోంచి జారిపడ్డట్టుంటుంది.

పెద్దల్లుడు తిన్నగా పంక్చర్ల షెడ్డుకి పోయాడు.

"గాలి ఎంత పెట్టమంటారు? రోడ్డుకా, పొలానికా?" అన్నాడు పంక్చర్లాయన.

"రెంటికీ వేరే వేరే గాలా?"

"అదే గాలి సార్, తక్కువా ఎక్కువా అంతే. పొలానికైతే కొంచెం తగ్గిస్తారు. టైరు వెడల్పుగా పరుచుకుని బరువు ఒక్కచోటే పడకుండా ఉంటుంది."

"మెత్తటి టైరుతో వీధిలోంచి పోతే, గజరాజుకేదో జబ్బు చేసిందనుకుంటారు. రాయిలా ఉండాలి. కొట్టు."

పంక్చర్లాయన కొట్టాడు. అడిగినవాడికి అడిగినంత గాలి కొట్టడమే ఆయన వృత్తి.

తొలి వాన కురిసిన మర్నాడే గజరాజు పొలంలోకి దిగాడు. నేల ఇంకా చెమ్మ పీల్చుకుంటూనే ఉంది. చక్రాలు జానెడు లోతుకి దిగబడ్డాయి. వెనక నాగలి చీల్చిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా తిరగబడి, సబ్బు రుద్దినట్టు నున్నగా మెరిసింది. ఆ మెరుపు చూసి పెద్దల్లుడు మురిసిపోయాడు. అడుగున మట్టిని తాపీతో సిమెంటు అలికినట్టు అలికేస్తున్నాడని ఆయనకి తోచలేదు. మెరిసేదల్లా బంగారమేనని నమ్మే మనిషికి మట్టి మెరిస్తే మాత్రం అనుమానం ఎందుకొస్తుంది?

భార్య ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద నిలబడింది.

"ఏమండీ, ఇంకా తడారలేదు. వాన పడ్డాక పొలంలోకి మా అమ్మ కోడిని కూడా దిగనిచ్చేది కాదు."

"మీ అమ్మకి గజరాజు లేడుగా!"

"ఉంటే కట్టేసేది."

"అందరూ ఆరాక దున్నేవాళ్ళే. నేను ముందు దున్నేవాణ్ణి. తేడా చూద్దువుగాని."

తేడా నిజంగానే చూపించాడు. నిలువుగా దున్నాడు. అడ్డంగా దున్నాడు. మధ్యలో జల్లు పడితే అది ఆగీ ఆగగానే మళ్ళీ దిగి మూలమూలలా దున్నాడు. రోటావేటరు తగిలించి మట్టిని చితక్కొట్టాడు. చితికింది చాల్లేదనిపించి మళ్ళీ చితక్కొట్టాడు. చివరికి ఆ నేల పైపైన మొహానికి పూసుకునే పౌడరులా తయారైంది. వేలితో రాస్తే పేరు పడేట్టుంది. గజరాజు వెళ్ళిన చోటికే వెళ్ళి, తొక్కిన చోటే తొక్కి, తన సగంలో చక్రం పడని చోటు జానెడు కూడా మిగల్చలేదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి "అబ్బ, పరుపులా ఉందండీ" అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఇంకోసారి దున్నాడు.

పడమటి సగంలో ఏం జరుగుతోందయ్యా అంటే, ఏమీ జరగటం లేదు. చిన్నల్లుడు రోజూ కొట్టుకి వెళ్తూ రోడ్డు మీదే ఆగేవాడు. గట్టు దాకా వచ్చి, తెల్లబూటు మొనతో అంచున మట్టిని తాకి, బూటుకి మట్టి అంటితే మొహం ముడుచుకుని వెళ్ళిపోయేవాడు.

"ఏం తమ్ముడూ, పొలానికి ముహూర్తం కుదరలేదా?" అని పైనుంచి కేకేశాడు పెద్దల్లుడు. ఇంజను ఆపితే మర్యాద అవుతుంది కాబట్టి ఆపలేదు.

"బురదగా ఉందన్నయ్యా."

"పొలంలో బురద కాక కళ్ళద్దాలుంటాయా?"

"ఆరాక వస్తాలెండి. ఈ బూట్లు కొత్తవి."

అంత బద్ధకాన్ని చూస్తే పెద్దల్లుడికి ఒళ్ళు మండింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఈయన నవ్వుతో ఎప్పుడూ పెద్ద ప్రమాదం, నవ్వు రాగానే ఏదో ఒకటి చేసేదాకా చేతులు ఊరుకోవు. మర్నాడు పొద్దున మళ్ళీ వాన వెలిసింది. పెద్దల్లుడు తాడు పక్కకి జరిపి గజరాజుని తోడల్లుడి సగంలోకి తోలాడు. నడిబొడ్డున స్టీరింగు ఒకే వాటం మీద పట్టుకుని గుండ్రంగా తిప్పాడు. ఒకసారి తిప్పితే సన్నగా పడిందని అదే జాడలో పదేపదే తిప్పాడు. చూస్తే నేల మీద ఇంత లావు సున్నా! పరీక్షలో మేష్టారు కోపంతో వేసిన సున్నా కూడా అంత నిండుగా ఉండదు. తర్వాత బుద్ధిమంతుడిలా వెనక్కొచ్చి, తాడు యథాస్థానంలో కట్టి, గట్టు మీద కూర్చున్నాడు.

ఆ వేళకి భార్య వచ్చింది, చిన్నల్లుడి భార్య అయిన మరదలు వచ్చింది, కొట్టుకి పోతూ చిన్నల్లుడూ ఆగాడు.

"ఏమండీ, ఇదేం పిల్లచేష్ట?" అంది భార్య.

"తమ్ముడికి వచ్చే పంట ముందే గీసి చూపించాను. అప్పుడు నిరాశ పడకుండా ఉంటాడని."

మరదలు నడుం మీద చెయ్యేసుకుంది. "బావా, మీ మార్కుల కాగితం మా పొలంలో పారేసుకున్నారు. తీసుకెళ్ళండి."

చిన్నల్లుడికి కోపం రావాలన్నా బద్ధకమే. "బానే గీశారన్నయ్యా, ఎక్కడా వంకర పోలేదు. తుడవాలంటే మాత్రం దిగాలిగా, ఆరనివ్వండి చూద్దాం" అని బూట్లు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేల ఆరాక ఆయన సెలవుపూట తీరిగ్గా దిగాడు. చిన్న టిల్లరుతో పైపైన ఒక్కసారి గీరి, విత్తనాలు వేసి, చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు. సున్నా చెరిగిపోయింది. అందరూ మర్చిపోయారు. అత్తగారికైతే ఆ సంగతే తెలీదు, ఆమె ఆ రోజుల్లో మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటూ మంచం దిగలేదు.

మొలకలు రెండు సగాల్లోనూ ఒకేలా వచ్చాయి. పెద్దల్లుడివి ఇంకాస్త ముందొచ్చాయి కూడా. ఆ కాస్తకే ఆయన వీధంతా తిరిగి చెప్పుకున్నాడు. తర్వాత గట్టి వాన ఒకటి కురిసింది. అక్కణ్ణుంచి కథ మారింది.

పడమటి సగంలో పడ్డ నీళ్ళు ఎటు పోయాయో తెలీదు, నేల తాగేసి మూతి తుడుచుకున్నట్టు కూర్చుంది. తూర్పు సగంలో మాత్రం నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలబడ్డాయి. రోజులు గడిచినా కదల్లేదు. పైకి అద్దంలా మెరుస్తూ ఆకాశాన్ని చూపిస్తున్నాయి. అవి ఎలాగో ఎండిపోయాక పైన అప్పడంలా పొర కట్టి బీటలిచ్చింది. మొక్కలు మోకాలెత్తులోనే ఆగి, ఆకులు పసుపు తిరిగి, కామెర్లొచ్చిన పిల్లల్లా నిలబడ్డాయి. తాడుకి అవతల చిన్నల్లుడి మొక్కజొన్న తల ఎత్తి చూడాల్సినంత పెరిగి, గాలికి ఊగుతూ వీటిని పరామర్శిస్తోంది.

పెద్దల్లుడు ఎరువు వేశాడు. చాలలేదని ఇంకొంచెం వేశాడు. వేసిందంతా పైన నిలిచిన నీళ్ళలో ఈదుకుంటూ కాలవలోకి పోయింది. మరదలు గట్టు మీంచి పోతూ పోతూ అడిగింది.

"బావా, చేపపిల్లల్ని ఎప్పుడు వదుల్తున్నారు?"

"నవ్వు. నవ్వు. మీ అమ్మ నాకు చెడ్డ సగం అంటగట్టింది. తూర్పు సగం నేలలోనే ఉంది రోగం."

నోట్లోంచి ఊరికే జారిన మాట అది. అయితే జారాక విని చూసుకుంటే ఆయనకే ఎంతో బాగుంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయనకి తెలుసు, అది వేరేవాళ్ళ కోసం కనిపెట్టిందని ఆయన నమ్మకం. ఆ సాయంత్రమే భార్య ముందు కూర్చుని, తన చేతుల్ని వెలుతురుకి పట్టి చూపించాడు. బొబ్బలు నిజమైనవే.

"నువ్వే చెప్పు. నేను పడ్డ కష్టంలో ఆయన పావలా వంతు పడ్డాడా? బూటుకి మట్టంటకుండా పండించాడంటే అది ఆయన గొప్పా, నేల గొప్పా?"

భార్య ఆ బొబ్బల వంక చాలాసేపు చూసింది. మర్నాడు పుట్టింటి వంటింట్లోకి వెళ్ళి తల్లితో పోట్లాడింది, చెల్లెలితో పోట్లాడింది. "మా ఆయన కష్టానికి వంక పెట్టండి చూద్దాం! పాడునేల ఇచ్చి పోటీ పెడతారా? సగాలు మార్చండి. వచ్చే పంటకి మాకు పడమర ఇచ్చి, అప్పుడు తేల్చండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చిన్నప్పట్నుంచీ ఎవరితోనూ గొంతు పెంచని మనిషి అలా అనేసరికి తల్లి మెత్తబడింది.

"సరేనే. నా కళ్ళతో చూసి చెప్తాను. నేలదే తప్పయితే మార్చేస్తాను, ఇందులో పంతమేముంది?"

ఈ కబురు తెలిసి పెద్దల్లుడికి రెక్కలొచ్చాయి. చేలోకి దిగి చూస్తే మొక్కలు అడ్డమొచ్చి ఏమీ తెలీదనీ, అత్తగారింటి పై అంతస్తు గదిలోంచి చూస్తే రెండు సగాలూ పటం పరిచినట్టు కనపడతాయనీ ఆయనే చెప్పాడు. ఆ గది ఏనాటినుంచో పాత సామాన్ల కొట్టు. పెద్దల్లుడే విరిగిన కుర్చీలూ పాత పరుపులూ పక్కకి నెట్టాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన కిటికీ రెక్కల్ని నూనె పోసి, భుజంతో గుద్ది, చెమటలు కక్కుతూ తెరిచాడు. అద్దం మీది దుమ్ముని తన చేతిరుమాలుతోనే తుడిచాడు. అత్తగారిని చెయ్యి పట్టి ఒక్కో మెట్టూ ఎక్కించాడు. కిటికీ ముందు కుర్చీ వేసి, పడుతుందేమోనని దాని కాలి కింద అట్టముక్క కూడా పెట్టాడు. ఇంత శ్రద్ధగా సొంత చేతులతో ఉరి పేనుకున్న మనిషిని ఎవరూ చూసి ఉండరు.

"చూడండత్తయ్యా. అటు పచ్చ, ఇటు పసుపు. మధ్యలో తాడు గీత గీసినట్టుంది. నేలలోనే తేడా ఉందంటే మీరెవరూ నమ్మలేదు!"

అత్తగారు కళ్ళద్దాలు పైకి జరుపుకుని తూర్పు వైపు చూసింది. "అవున్నాయనా, పాపం" అంది. పెద్దల్లుడు భార్య వంక గర్వంగా చూశాడు. తర్వాత అత్తగారు పడమర వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఆ పచ్చటి చేలో పసుప్పచ్చటి సున్నా ఏమిటి?"

కిందనుంచి చూస్తే కనపడదు. పైనుంచి చూస్తే గుడ్డివాడికైనా కనపడుతుంది. ఏపుగా ఎదిగిన మొక్కజొన్న నడిమధ్య, ఎక్కడా వంకర పోకుండా, ఇంత లావున, నిండుగా, సున్నా. ఆ చక్రం జాడ మీద మొలిచిన ప్రతి మొక్కా కురచగా, పసుపు తిరిగి, తూర్పు సగంలో మొక్కలకి తోడబుట్టినట్టుంది. సున్నా లోపల పచ్చన. సున్నా బయట పచ్చన.

చిన్నల్లుడు పైకప్పు వంక చూస్తున్నాడు. మరదలు పెదవి కొరుక్కుంటోంది. పెద్దల్లుడు భుజాలు తడుముకున్నాడు.

"పురుగై ఉంటుందత్తయ్యా. ఈ మధ్య కొత్తరకం పురుగొకటి..."

"గుండ్రంగా తింటుందా?"

"చదువుకున్న పురుగేమోనమ్మా, లెక్కలొచ్చినట్టున్నాయి" అంది మరదలు. ఇక ఆపుకోలేక మొహం గోడకి తిప్పేసుకుంది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు నెమ్మదిగా. ఆమె గొంతులో మర్యాద పెరిగిందంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవాలి. "ఆ సున్నా తమరి చేతిరాతేనా?"

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడు భార్య కనపడింది. ఆమె నవ్వడం లేదు, కోపంగానూ లేదు. కిటికీలోంచి సున్నాని చూసింది, అక్కణ్ణుంచి తూర్పు సగాన్ని చూసింది, మళ్ళీ సున్నాని చూసింది. ఆమెకి లెక్క తేలిపోయింది. ఆ బండి తిరిగిన చోట పసుపు, తిరగని చోట పచ్చ. తను ఎవరి కోసం తల్లితో, చెల్లితో పోట్లాడి ఏడ్చిందో ఆ మనిషే నేలని తొక్కి చంపి, నిందని నేల మీదికి నెట్టాడు. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"నాదేనండి" అన్నాడు పెద్దల్లుడు.

అత్తగారు అక్కడితో వదల్లేదు. మోకాళ్ళ సంగతే మర్చిపోయినట్టు కిందికి దిగి, పెరట్లోంచి సన్నటి ఇనుప చువ్వ తీయించి, పొలానికి నడిచింది. చిన్నల్లుడి చేలో పెద్దల్లుడి చేతే గుచ్చించింది. చువ్వ మోచేతి లోతుకి తేలిగ్గా దిగింది. సున్నా మీద గుచ్చించింది. జానెడు దిగి, రాయి తగిలినట్టు టక్కున ఆగింది. తూర్పు సగంలో గుచ్చించింది. ఎక్కడ గుచ్చినా జానెడే. ఆయన వేలాడినా, చివరికి చువ్వ వంగింది తప్ప దిగలేదు.

"ఇప్పుడా మొక్క తవ్వండి."

తవ్వాడు. పైన పౌడరు మట్టి. దాని కింద పలక కట్టినట్టు గట్టి పొర. వేరు అక్కడిదాకా నిటారుగా వచ్చి, తలుపు మూసున్న ఇంటి ముందు చుట్టంలా కాసేపు నిలబడి, పక్కకి తిరిగి అడ్డంగా పాకింది.

"నీళ్ళు దిగవు, గాలి దిగదు, వేరు దిగదు" అంది అత్తగారు. "తడినేల పచ్చిపిండి లాంటిది అల్లుడుగారూ. ఎంత బరువు పెడితే అంత అణిగిపోతుంది, మళ్ళీ లేవదు. మీరు పైన ఎంత మెత్తగా చితక్కొట్టారో కింద అంత గట్టిగా దిమ్మిస కొట్టారు. చిన్నవారి పొలం ఎందుకు బాగుందనుకున్నారు? ఆయన గొప్పేమీ లేదు. బద్ధకం, తడిలో దిగడు కాబట్టి బతికింది."

చిన్నల్లుడు దాన్ని మెప్పుగా తీసుకుని తలొంచాడు.

"మాట ప్రకారం మొత్తం పొలం చిన్నవారిది."

ఆ మాటతో పెద్దల్లుడి కాళ్ళ కింద ఆ గట్టినేల కూడా కుంగినట్టయింది. పోయింది. కొట్టు పోయింది, కోళ్ళు పోయాయి, ఇదీ పోయింది. ఈసారి వెనకేసుకురావడానికి భార్య కూడా పక్కన లేదు.

అయితే తెల్లగా పాలిపోయిన మొహం ఇంకొకటుంది. "మొత్తమా?" అన్నాడు చిన్నల్లుడు. "అత్తయ్యా, అంటే... ఆ పసుపు సగం కూడా నాదేనా? దాన్ని బాగుచెయ్యాలంటే రోజూ రావాలిగా? నాకు కొట్టుంది. దుమ్ము పడదు. నాకు నా సగమే మహాప్రసాదం. అన్నయ్యది అన్నయ్యకే ఉంచండి, పుణ్యముంటుంది."

గెలిచినవాడు బహుమతి చూసి పారిపోవడం ఆ గట్టు మీద అదే మొదటిసారి. అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అల్లుళ్ళని ఎంచుకున్నది తనే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేక నిట్టూర్చింది.

"సరే. ఎవరు పాడుచేశారో వాళ్ళే బాగుచెయ్యండి. ఎండాకాలం వస్తుంది. నేల అడుగుదాకా పెళపెళా ఎండాక, నేను చెప్పిన రోజున, ఒకే పొడుగాటి ఇనుప కాలున్న నాగలి పెట్టి ఆ గట్టి పొర పగలగొట్టండి. దానికి చిన్నవారి బొమ్మ టిల్లరు సరిపోదు, మీ ఏనుగే కావాలి. ఒక్కసారే. తర్వాత వేరు లోతుగా దిగే ముల్లంగి చల్లండి. పీకొద్దు, నేలలోనే కుళ్ళనివ్వండి."

"తినడానికి కాదా?"

"నేల తింటుంది. మీరు చూడండి. ఇక మీదట బండి తిరగాల్సొస్తే రెండే రెండు సాళ్ళ మీద తిరగాలి, పక్కకి వెళ్ళకూడదు. తాళంచెవి నా దగ్గరుంటుంది. వచ్చే వానలకి నీళ్ళు ఇంకాయా, ఆ సగం మీదే. నిలిచాయా, ఏ దారిన పోయేవాడికో కౌలుకిచ్చేస్తాను."

ఆ రోజునుంచి ఇంట్లో భార్య ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే అవసరాలు ఆగలేదు, గోడకి చెప్పేది. "ఏనుగు గలాయనకి స్నానానికి నీళ్ళు కాగాయి" అనేది. "సున్నాలు వేసే మేష్టారికి టీ చల్లారిపోతోంది" అనేది. ఆయన గోడకే థాంక్స్ చెప్పేవాడు. ఒకసారి నవ్వించాలని తనూ గోడతో "ఆవిడకి నేనంటే ఎంత కోపం?" అని అడిగాడు. గోడ జవాబివ్వలేదు, ఆమె ఇవ్వలేదు. చేష్టలకి పేరు మోసిన మనిషి చేష్ట ఫలించకపోతే ఎంత చిన్నబోతాడో చూడాలంటే ఆ వంటింట్లోనే చూడాలి.

ఎండాకాలం వచ్చింది. ఆయన పెరట్లో కూర్చుని ఎండ వంక చూడటం మొదలుపెట్టాడు. రోజూ అత్తగారింటికి పోయి "ఇవాళ?" అని అడిగేవాడు. ఆమె "ఇంకా అడుగున చెమ్ముంది. తడి మీద చీలిస్తే పగలదు, కోసుకుపోతుంది" అని పంపించేసేది. ఆగడమనే పని బతుకులో మొదటిసారి చేస్తున్నాడు. బట్టల కొట్టు కంటే, కోళ్ళ కంటే అదే కష్టంగా ఉంది. అత్తగారిని బతిమాలి ఒక్క పూటకి తాళంచెవి తెచ్చుకుని, పంక్చర్ల షెడ్డుకి పోయి తనే నోరు తెరిచి టైర్లలో గాలి తీయించాడు. ముక్కు కింది దిమ్మెలు కూడా అక్కర్లేనివి విప్పించేశాడు. మెత్తటి టైర్లతో, బోసినోటితో గజరాజు వీధిలోంచి పోతుంటే ఒకాయన నిజంగానే "ఏం, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. పెద్దల్లుడు "ఆహారం తగ్గించమన్నారు" అని చెప్పి ముందుకు పోయాడు.

చివరికి ఒక పొద్దున అత్తగారు తాళంచెవి బల్ల మీద పెట్టింది.

ఆ ఇనుప కాలు నేలలోకి దిగగానే గజరాజు మూలిగాడు. కింద ఎక్కడో పటపటమని పగిలిన చప్పుడు సీటు దాకా తెలిసింది. పెద్దల్లుడు వెనక్కి తిరిగి చూశాడు. నేల ఉబ్బుతోంది. ఆయన అలికిన పలకలు ముక్కలు ముక్కలుగా పైకి లేస్తున్నాయి, కొన్ని తలగడంత, కొన్ని తలుపంత. ఒక సాలు వెళ్ళాడు, వచ్చాడు. నెమ్మదిగా, చెప్పిన ఎడంలో, చెప్పినట్టే పొలమంతా చీల్చాడు. భార్య గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది.

చివరి సాలు పూర్తయ్యాక, ఇంజను ఆపకుండానే పొలాన్ని ఒకసారి తిరిగి చూసుకున్నాడు. ఎంత అసహ్యంగా ఉందో! ఇల్లు కూల్చిన చోటులా, ఎక్కడ పడితే అక్కడ బెడ్డలు, గుంటలు, పళ్ళు ఊడిన నోరు. రోడ్డు మీద ఒకాయన సైకిలాపి "ఏం జరిగిందండీ ఇక్కడ?" అని అడిగాడు. పెద్దల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కసారి, పైపైన, రోటావేటరుతో ఒకే ఒక్కసారి తిప్పితే ఎంత ముచ్చటగా ఉంటుంది? నలుగురూ చూసే పొలం. ఒక్కసారికి ఏమవుతుంది? ఇప్పుడు ఎండిపోయే ఉందిగా? చెయ్యి దానంతటదే గేరు మీదికి పోయింది. స్టీరింగు ఆ చీల్చిన నేల మీదుగా, అవతలి గట్టున పెట్టిన రోటావేటరు వైపు కాస్త తిరిగింది.

భార్య గట్టు దిగింది. ఆ బెడ్డల మీద తూలుతూ తూలుతూ నడిచొచ్చి గజరాజు ముక్కుకి ఎదురుగా నిలబడింది. ఆమె తలకంటే బానెట్టే ఎత్తుగా ఉంది.

"దిగండి."

ఆయన తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. ఇన్నాళ్ళకి ఆమె గోడ అడ్డం లేకుండా అన్న మొదటి మాట అది. ఆ నిశ్శబ్దంలో ఆయనకి నవ్వొచ్చింది. నవ్వొస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి భయమూ వేసింది.

"దిగితే మాట్లాడినట్టేనా?"

"ముందు దిగండి."

పెద్దల్లుడు దిగాడు. కాలు పెట్టగానే బెడ్డ పక్కకి ఒరిగి, కింద మట్టి మెత్తగా తగిలి, ఆయన చీలమండ దాకా దిగబడ్డాడు. పడిపోబోతే ఆమె చెయ్యందించింది. అందించి, ఆయన నిలదొక్కుకున్నాక కూడా వెంటనే వదల్లేదు.

"ఇలా వికారంగానే ఉండనియ్యండి" అంది. "చూడ్డానికి వచ్చేవాళ్ళని నేను చూసుకుంటాను."